నీళ్ళు తాగని టీచరమ్మ

నా చిన్నప్పుడు మా బడికి వచ్చిన టీచరమ్మ పొద్దంతా ఒక్క గుక్క నీళ్ళు కూడా తాగేది కాదు. ఎందుకు తాగదో నాకు తెలిసేలోపే నేను చేయకూడని పని ఒకటి చేశాను. ఇప్పుడు నాకు డెబ్బై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. అప్పటి మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఈ సంగతి మొత్తంగా ఎవరికీ చెప్పలేదు.

మాది మర్రిగూడ దగ్గర చిన్న ఊరు. వాన పడితే పంట, లేకపోతే లేదు. బావుల్లో నీళ్ళున్నా అవి తాగితే పళ్ళు గారపట్టేవి, నడివయసుకే మోకాళ్ళు బిగుసుకుపోయేవి. ఊరికి మైలు దూరంలో ఉన్న ఒక్క బావి నీళ్ళు మాత్రం కాస్త నయమని పేరు. దాన్ని మంచినీళ్ళ బావి అనేవాళ్ళం. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. ఇంట్లో నేను, మా నాయిన, మా నాయినను కన్న అవ్వ, ముగ్గురమే. మా నాయిన బావులు తవ్వే పనికి పోయేవాడు. పొద్దున గోతిలోకి దిగితే సాయంత్రం పైకి వచ్చేవాడు. కనుబొమ్మల మీద కూడా రాతిపొడి ఉండేది. లోకంలో ఆయనకంటే కష్టపడే మనిషి ఇంకొకరు లేరని నేను నమ్మేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉండగా టీచరమ్మ వచ్చింది. అంతకుముందు బడికి ఇద్దరు సార్లే. ఆమెకు పాతికేళ్ళు ఉంటాయేమో. నార్కట్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. తెల్లవారకముందే బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, రోడ్డు మీద దిగి రెండు మైళ్ళు నడిచి బడికి చేరేది. సాయంత్రం మళ్ళీ అంత దూరమూ పోయేది. సార్లకు సైకిళ్ళుండేవి, పక్క ఊళ్ళోనే ఇళ్ళుండేవి. అయినా ఊళ్ళో అందరికీ టీచరమ్మ బతుకే సుఖంగా కనబడేది. నీడపట్టున కుర్చీలో కూర్చుని నాలుగు అక్షరాలు చెప్పిపోయే మనిషికి కష్టమేముంటుంది అనేవాళ్ళు. మా నాయిన ఇంటికొచ్చి గోడకు ఆనుకుని, వంగని మోకాళ్ళను చేత్తో పట్టుకుని చాపుకుంటుంటే నాకూ అట్లాగే అనిపించేది.

కాని ఆమె అంటే నాకు ప్రాణం. తల్లి లేని పిల్లనని ఎవరో చెప్పినట్టున్నారు. ఒకరోజు మధ్యాహ్నం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఓపికగా చిక్కులు తీసి, రెండు జడలు వేసింది. మా అవ్వకు చూపు ఆనేది కాదు, ఎప్పుడూ ముడి వేసి వదిలేసేది. ఆ జడలను నేను మూడు రోజులు విప్పనివ్వలేదు.

ఆమెకు ఏదైనా ఇవ్వాలనిపించింది. మా ఇంట్లో ఇవ్వడానికి ఏముంది? మంచినీళ్ళ బావి నుంచి అవ్వ తెచ్చిన నీళ్ళలోంచి ఒక చెంబు నింపి, చెంబును బూడిదతో తళతళలాడేట్టు తోమి, బట్ట కప్పి బడికి తీసుకుపోయేదాన్ని. టీచరమ్మ నవ్వేది, చెంబు అందుకునేది, పెదవులకు ఆనించి పక్కన పెట్టేది. సాయంత్రం చూస్తే నీళ్ళు అట్లాగే ఉండేవి. సార్లు మాత్రం కుండలోంచి గ్లాసు మీద గ్లాసు ముంచుకుని తాగేవాళ్ళు. అట్లా రెండు నెలలు చెంబు మోశాను. ఒకరోజు, నిండుగా తిరిగొచ్చిన ఆ చెంబును దారిలో పారబోసి ఏడ్చాను.

ఆమె పళ్ళు తెల్లగా ఉండేవి. నావి గారపళ్ళు. నా మనసుకు తోచిన కారణం అదొక్కటే.

మరునాడు అవ్వతో కలిసి బావికి పోయినప్పుడు ఆడవాళ్ళంతా టీచరమ్మ గురించి అడిగారు. ఆమెకు మన నీళ్ళంటే రోత అని చెప్పాను. మన నీళ్ళు తాగితే తన పళ్ళు కూడా మన పళ్ళలా అవుతాయన్నదని, మన చెంబు ముట్టుకోవడానికి కూడా ఇష్టపడదని చెప్పాను. ఆమె ఒక్క మాట కూడా అట్లా అనలేదు. అన్నీ నా నోట్లో పుట్టిన మాటలే. చెబుతుంటే ఆడవాళ్ళు బిందెలు దించి మరీ విన్నారు. నా మాట అంతమంది శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

నాలుగు రోజుల్లో ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. దారిలో ఆమెను పలకరించే ఆడవాళ్ళు ముఖం తిప్పుకున్నారు. ఎండలో నిలబడకుండా కూర్చోమని అంతకుముందు అరుగు చూపించిన ముసలమ్మ, ఆమె వస్తుంటే తలుపు దగ్గరికి వేసుకుంది. అంత తెల్లతోలు దొరసానికి మా ఊరెందుకని ఎవరో ఆమె వినేట్టే అన్నారు. పెద్ద సారు కూడా అది విని నవ్వాడు. మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు పోయాక ఆమె ఖాళీ తరగతిలో కిటికీ పక్కన ఒక్కతే కూర్చునేది. నేను గోడ చాటు నుంచి చూసేదాన్ని. మొదట్లో కసి తీరినట్టు ఉండేది. తర్వాత తర్వాత అటు చూడబుద్ధి కాలేదు.

ఎండలు ముదిరాక ఆమె పది రోజులు బడికి రాలేదు. దవాఖానలో ఉందని సార్లు చెప్పుకున్నారు. తిరిగి వచ్చినప్పుడు ముఖం వాడిపోయి ఉంది. పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో పొత్తికడుపు పట్టుకుని కూర్చునేది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, రోడ్డు దాకా తోడు వస్తావా అని అడిగింది.

ఇద్దరం నడిచాం. ఊరు దాటాక సర్కారు తుమ్మ పొదలు దట్టంగా ఉన్నచోట ఆమె ఆగింది. సంచి నా చేతికిచ్చింది.

"జర ఆ దిక్కు తిరిగి నిలబడు బిడ్డా. ఎవరన్న వస్తే చెప్పు."

నిలబడ్డాను. అంతలోనే ఎడ్లబండి వచ్చింది. చెప్పాను. ఆమె చీర సర్దుకుని బయటికి వచ్చి, నాకు ఏదో పాఠం చెబుతున్నట్టు నిలబడింది. బండి పోయింది. మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి మేకల వాళ్ళు, వెనుకే సైకిల్ మీద ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళు ఆగి, ఇక్కడేం చేస్తున్నారని అడిగి, ఆమెను కింది నుంచి మీది దాకా చూసి మరీ పోయారు. మూడోసారి ఆమె ప్రయత్నించలేదు. రాయి మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. అది చెమట కాదని నాకు తెలిసింది.

కొంచెంసేపటికి తనే చెప్పింది.

"పొద్దున బస్సెక్కిన కాన్నుంచి గదికి పోయేదాక నాకు ఒంటికి పోయేతందుకు జాగ లేదు బిడ్డా. నీళ్ళు తాగకుంటే ఆ ఫికర్ ఉండదనుకున్న. తాగక తాగక గిప్పుడు జబ్బు చేసింది. తాగమని డాక్టరమ్మ తిట్టింది. ఎట్ల తాగాలె?"

మేమంతా తుమ్మల్లోకే పోతాం కదా అన్నాను.

"నువ్వు చిన్నదానివి. ఇంక రెండేండ్లు పోతవు. తర్వాత నువ్వు గూడ బడిల నీళ్ళు తాగుడు బందు పెడతవు. లేకుంటే బడే బందు పెడతవు."

మా బడిలో ఆరులోనూ ఏడులోనూ ఒక్క ఆడపిల్ల కూడా లేదని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఎందుకు లేరని అంతవరకు ఆలోచించలేదు.

దూరంగా బస్సు దుమ్ము కనబడింది. ఆమె లేచి సంచి అందుకుంటూ, చాలా మామూలుగా అడిగింది.

"ఊరోళ్ళకు నా మీద కోపమెందుకొచ్చింది? నీకేమన్న ఎరుకనా?"

"ఎరుకలేదు టీచర్" అన్నాను.

ఆమె నా తల నిమిరి బస్సెక్కింది.

ఇంటికి పోయి అవ్వ ఒళ్ళో తల పెట్టి అంతా చెప్పేశాను, నేను పుట్టించిన మాటతో సహా. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు గుడ్డిదీపం వత్తిని సరిచేస్తూ కూర్చుంది.

"మనం చీకట్ల పోతం, చీకట్ల వస్తం" అంది చివరికి. "అదన్న నలుగురం కలిసి పోతం. ఆ పిల్లకు చీకటంత బస్సులనే పాయె. ఎంబడి ఎవలున్నరు?"

మా నాయిన గోడకు ఆనుకుని వింటున్నాడు.

మరునాడు ఆయన పనికి పోలేదు. గడ్డపార భుజాన వేసుకుని, కందికట్టెల మోపు ఒకటి నా నెత్తిన పెట్టి, తనొకటి ఎత్తుకుని బడి వెనుకకు పోయాడు. ఆరోజు బడికి సెలవు. మోకాళ్ళు వంగని మనిషి కాళ్ళు బారచాపి నేల మీద కూర్చునే గొయ్యి తవ్వాడు. దాని మీద రెండు బండలు పరిచాడు. చుట్టూ గుంజలు పాతి, కందికట్టెలతో మనిషెత్తు తడిక కట్టాడు. తలుపుకు ఒక గోనె వేలాడదీశాడు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీళ్ళిచ్చి, కొన్ని రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అడిగాను. నాయినా, నీది కష్టమా, టీచరమ్మది కష్టమా?

ఆయన నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టాడు.

"నాది కష్టమే బిడ్డా. కాని దూపైనప్పుడల్ల నీళ్ళు తాగిన. తాగుతందుకు ఎన్నడు భయపడలే." మళ్ళీ గుంజ పట్టుకున్నాక, నాకు చెబుతున్నట్టు కాకుండా అన్నాడు. "మీ అమ్మ ఎన్నడు తాగిందో, ఎన్నడు తాగలేదో, నేను చూడనే లేదు."

మా నాయిన మా అమ్మ మాట ఎత్తడం నేను విన్నది అరుదు.

బడి తెరిచాక పెద్ద సారు మా నాయినను పిలిపించి, సర్కారు జాగాలో అడగకుండా ఎట్లా కడతావని గద్దించాడు. మా నాయిన తలపాగా తీసి చేతిలో పట్టుకుని జవాబు చెప్పాడు.

"పీకెయ్యమంటే పీకేస్త సారూ. గని ముందు మీ ఇంట్ల ఆడోళ్ళను ఒక్క దినం గీ బడిల కూసోబెట్టుండ్రి."

తడిక ఉండిపోయింది.

టీచరమ్మ దాన్ని చూసి, గోనె పక్కకు జరిపి లోపలికి తొంగి చూసింది. ఆ మధ్యాహ్నం నేను తెచ్చిన చెంబెడు నీళ్ళూ గుక్క తిప్పుకోకుండా తాగింది. ఆమె గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. బావి దగ్గర అవ్వ అందరికీ అసలు సంగతి చెప్పింది. ఆ పాడు మాట ఎక్కడిదని ఒకామె అడిగితే, నా ముసలి చెవులతో తప్పు విని పిల్లకు అట్లా చెప్పింది నేనేనని తన మీద వేసుకుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ టీచరమ్మను పలకరించారు. అరుగు ముసలమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చింది. కాని ఆమె మునుపటిలా నవ్వలేదు. ఒకసారి తలుపులు మూసుకోవడం చూసిన మనిషి, మళ్ళీ తెరిచాక కూడా గడప బయటే ఆగుతుందేమో.

ఎండాకాలం సెలవుల తర్వాత ఆమె రాలేదు. ఆమె స్థానంలో ఇంకో సారు వచ్చాడు. ఆమెకు జడ్చర్ల వైపు బదిలీ అయిందని విన్నాం.

మా నాయిన ఏడాదికోసారి ఆ తడికను కొత్తగా కట్టేవాడు, లేవలేని స్థితి వచ్చేదాకా. మా ఊళ్ళో ఏడో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేను. తర్వాత నర్సు చదివి, ఊరూరా తిరిగి సూదులు వేసే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేశాను. ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు దాహాన్ని దిగమింగుకున్నానో చెప్పలేను. అట్లాంటప్పుడల్లా కిటికీ పక్కన కూర్చున్న ఆమె కనబడేది.

తెలంగాణ వచ్చాక మా వాకిట్లోకి నల్లా వచ్చింది. ఇప్పటి పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. బడిలో ఆడపిల్లలకు వేరే గదులున్నాయి. మా ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మనుమరాలు జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. మొన్న వచ్చినప్పుడు ఏదో మాటల్లో నన్ను ఆటపట్టించింది.

"ఎప్పుడు ఆడోళ్ళకే కష్టమంటవు అమ్మమ్మా. మా అన్న పొద్దంత లారీ నడుపుతడు, ఆయనకు లేదా?"

ఉందన్నాను. వాడి నడుమునొప్పికి నూనె రాసింది నేనే. తర్వాత ఒకటే అడిగాను, డ్యూటీలో ఎన్నిసార్లు నీళ్ళు తాగుతావని. అది నవ్వబోయి ఆగింది. ప్యాకింగ్ లైన్ మీద నుంచి లేస్తే ఎందుకు, ఎక్కడికి అని పదిమందిలో అడుగుతారని, అందుకే భోజనం దాకా తాగనని మెల్లగా చెప్పింది.

నా చేతి నుంచి ఎవరైనా ఏదైనా వద్దంటే, మనసు చిన్నబుచ్చుకునే లోపే ఎందుకు వద్దంటున్నారో అడగడం నేను ఆ ఏడాదే నేర్చుకున్నాను. నర్సుగా అది నాకు ఎంతో పనికొచ్చింది. కాని ఆ దుమ్ము రోడ్డు మీద ఆమె నన్ను అడిగినప్పుడు ఎరుకలేదన్నాను కదా, ఆ ఒక్క మాట మాత్రం దిద్దుకోలేకపోయాను. ఉద్యోగం మీద జడ్చర్లకు పోయిన ప్రతిసారీ ఆ వయసు ఆడమనిషి ఎదురైతే ముఖంలోకి చూసేదాన్ని. ఆమెకు అప్పుడే తెలుసేమో, తెలిసే నా తల నిమిరిందేమో అని ఒక్కోసారి అనుకుంటాను. అట్లా అనుకున్న రోజున మనసు ఇంకా బరువెక్కుతుంది.