సర్దుబాటు అని రాసిన వరుస

"ఈ తొంభై వేలూ పాప చెవి మిషన్లకే ఇచ్చేస్తే, రేపు పన్ను కట్టమన్నప్పుడు ఏం పెట్టి కట్టాలి బాబాయ్?"

గుమ్మంలోనే అడిగేశాను. బాబాయి ఇంకా చెప్పులు విప్పలేదు. మందుల టోకు వ్యాపారి దగ్గర జీవితమంతా లెక్కలు రాసి రిటైరయ్యారాయన. "తీరిక లేదురా" అంటూనే వస్తారు కనుక ఇంట్లో అందరికీ తీరిక బాబాయి. ఆ రోజూ మంచాన పడ్డ పిన్నికి స్నానం చేయించి, అన్నం తినిపించి, మా మెట్లన్నీ ఎక్కి వచ్చారు. కుర్చీలో కూలబడ్డారు.

"సైన్సులో మెడల్ కొట్టావు, పన్ను లెక్క రాదట్రా నీకు?"

"బాబాయ్!"

"సరే, చూపించు."

ల్యాప్‌టాప్ తెరిచి మా ఇంటి లెక్కలు చూపించాను. మామూలు టెక్స్ట్ ఫైల్లో పద్దులు రాస్తే ప్రోగ్రామ్ కూడి చూస్తుంది. వచ్చిందీ పోయిందీ తూగకపోతే ఒప్పుకోదు. ఈ పద్ధతి నాకు నేర్పింది బాబాయే. మా పాప మిషన్ల కోసం షేర్లు అమ్మాను. బ్యాంకులోకి తొంభై వేలు వచ్చాయి. పోయిన షేర్లను కొన్న ధరకే, అరవై వేలకు రాశాను. ముప్పై వేలు తేలలేదు. పాపను భుజాన వేసుకుని ఒంటిచేత్తో "సర్దుబాటు" అని ఒక వరుస చేర్చి ప్రోగ్రామ్ నోరు మూయించాను.

బాబాయి ఆ వరుస మీద వేలు పెట్టారు.

"ఇదేంట్రా?"

"తూగడానికి..."

"తూగింది, లాభమే కనబడకుండా పోయింది. ఈ ముప్పై వేలే కదరా నీ లాభం! పన్ను పడేది దీనిమీదే."

ఆ వరుసను "షేర్ల లాభం"గా మార్పించి, కొని ఏడాది కాలేదు కనుక ఇరవై శాతం చొప్పున పన్ను కోసం ఆరు వేలు విడిగా పెట్టించారు. మిగిలింది ఎనభై నాలుగు వేలు. రెండు చెవులకూ మిషన్లు ఎనభై ఎనిమిది వేలు.

"ఆ ఆరులోంచి నాలుగు వాడితే?"

"వద్దు. మీ పిన్ని ఆపరేషనప్పుడు నేనూ ఇలాగే సర్దేశాను. తర్వాత పన్ను నోటీసొచ్చింది. అది కట్టడానికి మీ పిన్ని ఫిజియోథెరపీ ఆపేశాను. అప్పటినుంచి లేవలేదురా." గోడ వైపు చూస్తూ అన్నారు. "షాపువాణ్ని అడుగు. నాలుగు వేలు జీతం వచ్చాక ఇస్తానను. కుదరకపోతే ముందు ఒక చెవికే కొను."

అడిగాను. షాపాయన గొణుక్కుంటూనే రెండూ ఇచ్చాడు.

వెళ్లేముందు, మెట్ల రెయిలింగ్ పట్టుకుని బాబాయి చెప్పింది ఒక్కటే: "తేడా వస్తే సర్దేయకురా. ఓపిక లేకపోతే అలాగే వదిలేసి పడుకో. అదెక్కడిదో తెలిశాకే పేరు పెట్టు."

ఇప్పుడు లెక్క తేలని రోజున ల్యాప్‌టాప్ మూసేసి, పాప పక్కన పడుకుంటున్నాను.