నాగలింగం వేళ్ల బేరం

జార్జి టౌన్ మిరపకాయల మండీలో నాగలింగం దళారి. ఆయన బేరాలన్నీ తువ్వాలు కిందే. అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ తువ్వాలుతో కప్పి, వేళ్లు నొక్కి ధర తేల్చేవాడు. పక్కవాడికి పొక్కేది కాదు. అలాంటి మనిషికి ఒకనాటి పొద్దున మెదడులో నెత్తురు గడ్డకట్టి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి.

"మాట ఎప్పుడొస్తాది డాక్టరమ్మా? చచ్చిన నరాలు మళ్లీ మొలుస్తాయని ఈడ అందరూ అంటా ఉండారే?" భార్య అలమేలు అడిగింది.

డాక్టర్ మైత్రి గుంటూరు పిల్ల. దాచకుండా చెప్పింది. "పోయిన కణాలు తిరిగి రావండీ. పెద్దవాళ్ల మెదడులో కొత్తవి పుడతాయా లేదా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పుట్టినా ఇంత దెబ్బ పూడ్చలేవు. కానీ పక్కన బతికున్నవి ఆ పని నేర్చుకోగలవు. పని చెప్పకపోతే మాత్రం నేర్చుకోవు."

అలమేలుకు అదేదీ చెవికెక్కలేదు. చచ్చిన నరాలు మొలిపించి తీరాలని రోజూ వల్లారై కీర, అదే సరస్వతి ఆకు, పచ్చడి చేసి అన్నంలో కలిపి తినిపించసాగింది. మెదడుకు మంచిదని వీధంతా చెప్పే ఆకు. నాగలింగం మొహం చిట్లించుకుని మింగేవాడు.

ఒకరోజు అన్నం వేళకు మండీ స్నేహితుడు కాటయ్య వచ్చాడు. ఏం మాట్లాడాలో తోచక, భుజం మీది తువ్వాలు తీసి నాగలింగం ఎడమచేతి మీద కప్పి, "ఎన్ని ముద్దలు తింటావన్నా?" అన్నాడు. మరుక్షణం పగలబడి నవ్వాడు.

"వదినా! రెండే అంట. ఆపైన బేరం లేదంట!"

ఆ వేళ్ల భాష అలమేలు కూడా నేర్చుకుంది. కొన్నాళ్లు ఇల్లు తేలికపడింది. తర్వాత ఆమెకు తట్టింది, ఆయన పెదవి కదపడమే మానేశాడని. పని చెప్పకపోతే నేర్చుకోవని డాక్టరమ్మ చివర అన్న ముక్క అప్పుడు గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం ఆయన చెయ్యి చాస్తే తువ్వాలు లాగి పక్కన పడేసింది.

"వేళ్లకు నేను చెవుడు ఇంక. నోటితో చెప్పండి."

ఆయన ఉరిమి చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆమె పచ్చడి కలిపిన ముద్దను ఆయన నోటి ముందే పట్టుకుంది.

"వ... వ..."

"ఊఁ, చెప్పండి సామీ."

"వద్... దు."

మొదట తన పేరే వస్తుందని ఇన్నాళ్లూ కాచుకుంది. వచ్చింది ఇది. అయినా కళ్లు నిండాయి.

"సరే, వద్దులెండి," అని ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది. నిజంగానే చేదు.