మా వాకిట్లో చెప్పిన సాక్ష్యం

"వరసైనవాడు కదా, సరదాకి అన్నాడులే" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెళ్లి పందిట్లో ఆ మాట వినపడిందంటే తింటున్న విస్తరి ముందునుంచైనా లేచి వెళ్లిపోతాను. మా ఇంట్లోవాళ్లకు నా సంగతి తెలుసు కాబట్టి నా ఎదుట ఎవరూ అనరు. తెలియనివాళ్లు అని, నా మొహం చూసి మాట మార్చేస్తారు. కోపం సంగతి అట్లా ఉంచండి. మా ఇంటి వాకిట్లో ఒక ఆదివారం నేను చూసిన ధైర్యం గురించి చెప్పాలి. తలుచుకున్నప్పుడల్లా ఒక ఆడపిల్లకు అంత గుండె ఎక్కడినుంచి వచ్చిందా అని ఈ రోజుకీ ఆశ్చర్యపోతూనే ఉంటాను.

మాది కడప జిల్లాలో ఒక మెట్ట ఊరు. వాన పడితే శెనక్కాయ, లేకపోతే ఆకాశం వైపు చూడడం. హైస్కూలు మండలంలో ఉండేది, షేర్ ఆటోలో పోయి వచ్చేవాళ్లం. మా నాయనకు చెల్లెలి వరసయ్యే అత్త ఒకామె పక్క ఊళ్లోనే ఉండేది. ఆమె కొడుకూ నేనూ ఒకే క్లాసు. అంటే నాకు బావ వరస. మా వైపు బావామరదళ్లంటే ఆటపట్టించుకోవడానికి పుట్టుకతోనే లైసెన్సు ఇచ్చినట్టు లెక్క.

తొమ్మిదో తరగతిలో మొదలైంది. మా క్లాసు మేడమీద. మెట్లు ఇరుకు, మలుపు దగ్గర పగలు కూడా చీకటే. అక్కడ అడ్డం నిలబడేవాడు. చున్నీ లాగేవాడు, నడుం దగ్గర గిల్లేవాడు. కింద వాడి జట్టు నిలబడి "నీ మరదలే కదరా, నీకెవరు అడ్డం?" అని ఎగదోసేది. వాళ్లు లేనప్పుడు వాడు నా వైపు చూసేవాడు కూడా కాదు. ఆ సంగతి అప్పుడే గమనించాను. జట్టు నవ్వు కోసం నా ఒంటి మీద చెయ్యి వేసే మనిషి వాడు. ఇప్పుడు రాస్తుంటే కూడా ఛీ అనిపిస్తోంది.

ఆడపిల్లలు ఏమనేవారంటే, "నీకేమ్మే, బావ ఎంటపడ్తాండాడు" అని మురిసిపోయేవారు. నేను మొహం ముడుచుకుంటే "శానా ఎచ్చులు పోతాండాది" అని మూతి తిప్పేవారు. నా మంచి కోరిన ఒకమ్మాయి మాత్రం చెవిలో, "గమ్మునుండు. ఇంట్లో తెలిస్తే బడి మాన్పిస్తారు" అంది. అది ఉత్త మాట కాదు. మాకంటే ముందు బ్యాచ్‌లో ఒక అక్క ఇట్లాంటిదే ఇంట్లో చెప్పింది. మర్నాటినుంచి ఆమె బడికి రాలేదు, ఆమెను ఏడిపించినవాడు మాత్రం వచ్చాడు. ఒకసారి కడపనుంచి ఒక మేడమ్ వచ్చి, ఎవరు ఎట్లా తాకితే తప్పో బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పి, "మీ స్కూల్లో ఇట్లాంటివి ఏమైనా జరుగుతున్నాయా?" అని అడిగితే, ఆ భయంతోనే మా క్లాసంతా ఎక్కాలు అప్పజెప్పినట్టు "లేదు మేడమ్" అంది. నేనూ అందరితోపాటు అన్నాను. ఆమె సంతోషంగా రిజిస్టరులో సంతకం చేసి వెళ్లిపోయింది.

అమ్మకు ఒకసారి సగం సగం చెప్పి చూశాను. "వరసైనోడు కదా తల్లీ, నువ్వే తప్పుకొని పో. మీ నాయన చెవిన పడితే నీ చదువు ఈడికే" అంది. నాకేమో చదువంటే ప్రాణం. కర్నూలులో కాలేజీకి పోవాలని, హాస్టల్లో ఉండాలని, తుంగభద్ర వంతెన మీద సిటీ బస్సులో పోవాలని ఎన్ని కలలో. పది పూర్తి కాకముందే ఇంట్లో కూచోబెడితే అవన్నీ ఏమైపోవాలి? కాబట్టి పళ్లు బిగించుకొని మెట్లెక్కేదాన్ని.

నా బెంచిలో నా పక్కన కూచునే పిల్ల మా ఊరి చర్చి వీధి పిల్ల. వాళ్లమ్మ మా చేలోనే పనికి వచ్చేది. బళ్లో మేమిద్దరం ఒకే బాక్సులో తినేవాళ్లం. మా ఇంటికి వస్తే మాత్రం ఆమె వాకిట్లోనే కూచునేది, నేను పంచలో కూచునేదాన్ని. ఎవరూ కూచోమని చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. ఆమె గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. సారు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా నా మోచేతిని పొడిచి నాచేత చెప్పించేది.

ఒక ఆదివారం నోట్సు కోసం పోయి, చర్చి కిటికీ దగ్గర ఆమె కోసం కాచుకున్నాను. లోపల సాక్ష్యాలు చెప్తున్నారు. ఆరాధన చివర్లో ఎవరికి ఏం జరిగిందో లేచి చెప్పడం వాళ్లకు అలవాటు. ఒక ముసలామె లేచి, "అందరికీ వందనాలు" అని మొదలుపెట్టి, తన మేక తప్పిపోవడం, జ్వరంలోనే గుట్టంతా వెతకడం, అది దొరకడం, ఒక్క ముక్క పెంచకుండా తుంచకుండా చెప్పి కూచుంది. అందరూ "ఆమెన్" అన్నారు. మేకకు ఇంత గౌరవమా అని నాకు నవ్వొచ్చింది. బయటికి వచ్చాక నా స్నేహితురాలు, "నవ్వగాకు. జరిగింది జరిగినట్ల చెప్పేది ఎంత కష్టమో నీకేం తెలుసు" అంది.

పదో తరగతిలో బళ్లు తెరిచిన కొత్తల్లో, ఒక బుధవారం, వాడు మెట్ల మలుపులో మళ్లీ అడ్డం నిలబడ్డాడు. ఆ రోజు నేను గట్టిగా "వద్దు" అన్నాను. కింద జట్టుకు అది ఇంకా నవ్వు తెప్పించింది. వాడు మళ్లీ గిల్లాడు. నా పుస్తకాలు జారి మెట్ల మీద పడ్డాయి. అందరూ వాటిని దాటుకుంటూ పైకి పోయారు. నా స్నేహితురాలు ఒక్కతే వంగి ఏరుతూ, "నేను చూసినా" అంది.

"అందరూ చూసినారులే" అన్నాను విసుగ్గా.

"చూసినారు. చూసినా అని ఎవరన్నా అన్నారా?" అంది.

ఆ ఆదివారం మా వాకిట్లో విత్తనం కాయలు వలుస్తున్నారు. మిషన్‌లో వేస్తే పప్పు చిట్లుతుందని విత్తనానికి చేత్తోనే వలిపించేవారు. చర్చి వీధి ఆడవాళ్లు ఆరాధన ముగించుకొని వచ్చి, వేపచెట్టు నీడలో ఒళ్లో చేటలు పెట్టుకొని కూచున్నారు. నా స్నేహితురాలు కూడా వాళ్లమ్మ పక్కన కూచుని వలుస్తోంది. పంచలో మంచాల మీద మా నాయన, మా నాయనమ్మ, మేము జేజి అంటాం, ఆమె, ఇంకా అత్తా మామా. అత్త పూలూ పండ్లూ తెచ్చింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"ఏమన్నా, ఇంగ దాపరికమేముండాది. పది కాంగానే మాట అనుకుందాం. మావోడు బళ్లో కూడా దాన్ని ఇడ్సిపెట్టి ఉండ్లేకుండాడంట. పిల్లోళ్లంతా చెప్పుకుంటాండారు" అని అత్త నవ్వింది. మామ నవ్వాడు. మా నాయన కూడా మీసం చాటున నవ్వాడు. తలుపు దగ్గర టీ పళ్లెం పట్టుకొని అంతా వింటూ నిలబడ్డాను. నన్ను గిల్లినవాడికే నన్ను కట్టబెడుతున్నారు, అదీ ప్రేమ అని పేరు పెట్టి.

వాకిట్లో కాయలు చిట్లే చప్పుడు ఆగింది. చూస్తే నా స్నేహితురాలు లేచి నిలబడి ఉంది. ఒళ్లోని పొట్టు గచ్చు మీద రాలింది.

"అందరికీ వందనాలు" అంది.

పంచలో ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. మా నాయన, "ఏం పాపా?" అన్నాడు.

ఆమె పంచ స్తంభం వైపు చూస్తూ చెప్పింది. "నేను ఈ పాపతోపాటు పదో తరగతి చదువుతాండా. మొన్న బుధవారం పొద్దున ప్రేయరు అయినాక మెట్లెక్కుతాంటిమి. ఈయమ్మ కొడుకు మలుపులో అడ్డం నిలబడినాడు. పాప ఈ పక్కకు జరిగితే ఈ పక్కకు జరిగినాడు. చున్నీ లాగినాడు. నడుం గిల్లినాడు. పాప వద్దు అనింది. మళ్లా గిల్లినాడు. కింద పిల్లోళ్లు నవ్వినారు. పాప నవ్వలేదు. పోయినేడు కూడా ఇట్లే చేసినాడు. నేను నా కండ్లతో చూసినా. చూసింది చూసినట్ల చెప్తాండా."

చెప్పడం అయిపోయింది. చర్చిలో ముసలామె కూచున్నట్టే కూచుంది. వాళ్లమ్మ తలెత్తకుండానే, అలవాటు కొద్దీ, "ఆమెన్" అంది. ఆమె అనగానే తక్కిన ఆడవాళ్లందరూ "ఆమెన్" అన్నారు. అనేశాక ఎక్కడున్నారో గుర్తొచ్చి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు ఒళ్లంతా జలదరించింది. మా చేలో పనే వాళ్లకు కూడు. మా నాయన ఒక్క మాటంటే ఆ కూడు పోతుంది. అది తెలిసే ఆ పిల్ల లేచింది. గుళ్లో హారతి ముందు కూడా నాకు ఒళ్లు అంతగా జలదరించలేదు.

అత్త మొహం ఎర్రబడింది. "కాయలు వలిచే పిల్ల చెప్తే మనం ఇనేదేందన్నా? వరసైనోడు, ఏదో సరసమాడింటాడు" అంది.

జేజి అంతవరకు వక్క నములుతూ ఉంది. "నేనూ మా బావతో సరసమాడినదాన్నే. ఆయనొకటంటే నేను రెండంటాంటి. ఇద్దరం నవ్వుతాంటిమి. దీని మొకం చూడు, నవ్వు యాడుండాది?" అంది.

మా నాయన లేచాడు. "ఈ సంబంధం మాట ఇంతటితో సరి" అన్నాడు. నాకు ఊపిరి వచ్చింది. వెంటనే ఇంకో మాట అన్నాడు. "రేపట్నించి ఇది బడికి పోదు. ఇంట్లోనే చదివి పరీక్ష రాసుకుంటాది."

ఏ మాటకు భయపడి ఏడాదిగా నోరు కుట్టుకున్నానో ఆ మాట వచ్చేసింది. వాకిట్లో నా స్నేహితురాలు నా వైపే చూస్తోంది. నేను టీ పళ్లెం కింద పెట్టాను. మా నాయన ముందు నేనెప్పుడూ ఎదురు మాట్లాడి ఎరగను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "అందరికీ వందనాలు" అన్నాను.

"అది చెప్పిందంతా నిజం. అమ్మకు చెప్తే నన్నే తప్పుకొని పొమ్మనింది. ఏడాదిగా తప్పుకుంటానే ఉండా. నేనేం తప్పు చేసినా అని బడి మానాల నాయనా? గిల్లినోడు బడికి పోతాడు, గిల్లించుకున్నది ఇంట్లో కూచోవాల్నా? నేను మానను. నేను బడికి పోతా." చివరికొచ్చేసరికి ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే చెప్పాను.

ఆడవాళ్లు చేటల్లోకి చూస్తున్నారు. మా నాయన చెంప మీద నరం కొట్టుకుంటోంది.

జేజి వక్క పక్కకు ఉమ్మి వాకిలి వైపు తిరిగింది. నుదుట తిరునామం, ఏటా ఒంటిమిట్ట కల్యాణానికి బండి కట్టించుకొని పోయే మనిషి. "ఏమ్మే, ఆ పిల్ల చెప్పినప్పుడు ఏమో అంటిరే. మా పిల్ల చెప్తే అనరా?" అంది.

నా స్నేహితురాలి తల్లి మా నాయన వైపు చూసింది. ఆయన వద్దనలేదు. అప్పుడామె నిదానంగా, ఈసారి తెలిసే, "ఆమెన్" అంది. వెనకే అందరూ అన్నారు. అందరికంటే ఆలస్యంగా, పలకడం సరిగా రాక "ఆమేను" అని జేజి కూడా అంది. తలుపు వెనకనుంచి మా అమ్మ ఏడుపు వినపడింది.

మా నాయన చాలాసేపు గచ్చు మీది పొట్టు వైపు చూశాడు. "రేపు బడికి నేనూ వస్తా" అన్నాడు. అత్తా మామా టీ తాగకుండానే వెళ్లారు. జేజి మాత్రం పొద్దు గూకేవేళ నా స్నేహితురాలి తల్లితో, "కాయలింకా మిగిలినాయి. రేపు పొద్దున్నే బిన్నా రా" అంది.

సోమవారం నాయన హెడ్మాస్టరు గదిలో గట్టిగానే మాట్లాడాడు. వాణ్ణి కింది అంతస్తులో ఉండే సెక్షన్‌కి మార్చారు, మెట్ల మలుపులో లైటు వేయించారు. వాడు నాకు క్షమాపణ చెప్పలేదు, ఈ రోజుకీ చెప్పలేదు. చెప్పకపోతే పీడాపోయె. కొన్నాళ్లకు కడప మేడమ్ మళ్లీ వచ్చి అదే ప్రశ్న అడిగినప్పుడు మా క్లాసులో ఎవరూ "లేదు మేడమ్" అనలేదు. వెనక బెంచిలో ఒక పిల్ల లేచి నిలబడింది.

ఆ సోమవారం మెట్ల దగ్గర నా స్నేహితురాల్ని అడిగాను. "నిన్న మా నాయన ముందర లేచినావే, నీకు భయం కాలేదామ్మే?"

"కాకేం? నా ఒళ్లో చేట గలగలమంటాండె. కూచుంటే ఆ చప్పుడు అందరికీ ఇనపడ్తాదని లేసినా" అంది.

అని నా బ్యాగు కూడా తన భుజానికే తగిలించుకొని పైకెక్కింది. నేను వెనకాలే ఎక్కాను.