బోర్లించిన మొహం

ఆ వడ్రంగికి ఎటు చూసినా మొహాలే. తాళం కప్పలో నోరు తెరిచిన పిల్లాడు, బస్సు ముందుభాగంలో నిద్ర చాలని గుమాస్తా, ఊరి వెనక కొండలో పంటినొప్పితో బుగ్గ పట్టుకున్న ముసలాయన. ఇక చెక్కల సంగతి చెప్పనక్కర్లేదు, ప్రతి ముడీ ఆయనకు ఒక కన్నే. చిత్రిక పడుతూ పడుతూ ఆగి, "వీడెవడో మన పన్నుల ఆఫీసరులా లేడూ?" అంటే పక్క దుకాణాల వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. మొహాల మేస్త్రి అని పేరు కూడా పెట్టారు. తేరగా వచ్చిన బిరుదు ఎవరికి చేదు? ఆయన మురిసిపోయాడు.

ఇంటి ముందు గదిలో వదిన బట్టలు కుట్టేది. అన్నగారి భార్యే అయినా, చిన్నప్పుడు ఈయనకి నిక్కర్లు కుట్టి, ముక్కు తుడిచి పెంచింది ఆవిడే. కాస్త భారీ మనిషి. ఎవరన్నా ఏమన్నా అంటే "నేనేం మీ నెత్తి మీద కూర్చోలేదుగా" అని నవ్వేసేది. ఆవిడ ఇష్టంగా తింటుంటే చూసేవాళ్ళకి ఆకలి పుట్టేది. పై అరలో తానులు అందక అవస్థ పడుతోందని, మరిది ఆవిడకి మూడు మెట్ల పీట ఒకటి చేయడానికి పూనుకున్నాడు.

పై మెట్టుకని తీసిన పలకలో మళ్ళీ మొహం. రెండు ముడులు, వాటి కింద వంకరగా సాగిన చార, ఎవరో ఏదో చెప్పబోయి ఆగినట్టు. మేకు కొట్టబోతూ ఆయన చెయ్యి ఆగింది. వదిన రోజూ ఈ మొహాన్ని తొక్కాలా? మనసొప్పలేదు. పలకని బోర్లించి బిగించేశాడు. ముడులున్న వైపు పైకే ఉండాలి, కిందికి తిప్పితే బరువు పడ్డప్పుడు అక్కడే చీలుతుంది. పనిలో చేరిన కొత్తలోనే గురువు చెవి మెలేసి మరీ నేర్పాడు. గుర్తులేక కాదు. ఒక్క మెట్టుకి ఏమవుతుందిలే అనుకున్నాడు.

ఒకనాడు వదిన తాను అందుకోబోతుంటే ఆ మెట్టు ఫెళ్ళున విరిగింది. ఆవిడ నేల మీద పడింది, మణికట్టు విరిగింది. ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మేస్త్రీ వచ్చాడు. సగం పలక ముడులు పైకి కనపడేలా పడి ఉంది. అందరూ తనవైపే చూస్తున్నారనిపించి పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు నోటికొచ్చింది అనేశాడు.

"ఈసారి నీకు ఇనుముతో చెయ్యాలి వదినా."

నవ్వారు. అన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. నొప్పికి పళ్ళు బిగబట్టుకుని వదిన కూడా నవ్వింది. మేస్త్రి గబగబా ముక్కలు ఏరి తన కొట్లో అటక మీద పడేశాడు.

ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. కట్టు చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అన్న దాన్ని కొత్తగా చెప్పినట్టు చెప్పేవాడు. వదిన మాత్రం తిండి తగ్గించింది. ముందు రాత్రి భోజనం మానేసింది, తర్వాత పగలు కూడా సగం కంచమే. అడిగితే ఆకలి లేదనేది. కట్టు విప్పాక కూడా, కుర్చీలో కూర్చునే ముందు దాన్ని చేత్తో ఒకసారి నొక్కి చూసుకునేది. అది మేస్త్రి కంటపడింది. చెప్పేద్దామని వెళ్ళడం, "సూదుల పెట్టె మూత వదులైందా వదినా?" అని అడిగి తిరిగి రావడం. సిగ్గుతో చచ్చిపోతున్నానని తనకు తాను చెప్పుకునేవాడు గానీ, అంత సిగ్గే ఉంటే మొదటి రోజే నోరు విప్పేవాడు. ఈలోగా పెట్టె మూత మాత్రం మూడుసార్లు బిగించాడు.

ఒక మధ్యాహ్నం మిషను మీదే వదిన కళ్ళు తిరిగి వాలిపోయింది. అన్న ఆవిడ మొహాన నీళ్ళు చల్లాడు. తేరుకుని ఆవిడ పలికిన మొదటి మాట, "ఏం కాలేదులెండి. కాస్త తగ్గితే మరిది చేసిన సామానైనా బతుకుతుంది."

మేస్త్రి ఇక నిలబడలేకపోయాడు. కొట్లోకి వెళ్ళి, ముక్కలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"తప్పు నీ బరువుది కాదు వదినా, నాది. ముడులు కిందికి తిప్పి కొట్టాను. ఎవరెక్కినా విరిగేదే."

"తెలిసే తిప్పావా?"

"తెలుసు. అందులో మొహం కనపడింది. నువ్వు తొక్కుతావని..."

"మరి ఆ రోజు ఆ మాటెందుకన్నావురా?" అన్నాడు అన్న.

"భయమేసింది."

వదిన ముక్కలు రెండూ కలిపి పట్టుకుని, వెలుతురుకి తిప్పి చాలాసేపు చూసింది. "నాకేం కనపడ్డం లేదు," అంది. వాటిని కింద పెట్టింది.

"చెక్కలో మొహాన్ని తొక్కనివ్వకూడదనుకున్నావు, సరే. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని తిన్నావు కదయ్యా. ఈ మొహం ఎట్లా అయిపోతోందో కనపళ్ళేదా?"

ఆయన తలెత్తి చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళ కింద నలుపు. రోజూ చూస్తూనే ఉన్నాడు మరి.

వదిన భర్తవైపు తిరిగి కంచం పెట్టమంది. ఆయన నిండా వడ్డించి తెచ్చాడు. విరిగి అతుక్కున్న చెయ్యి ఇంకా సరిగ్గా వంగదు, మెల్లగా కలుపుకుని తింది. తిన్నంతసేపూ అన్నదమ్ములిద్దరూ అలాగే నిలబడి ఉన్నారు. కూర్చోమని ఆవిడ అనలేదు.