బొగ్గులు, బుగులు

వీధి చివర ఇస్త్రీ బండి అతను పని ముగించి, పెట్టెలోని నిప్పులు నేల మీద పోసి నీళ్ళు చల్లాడు. ఆ తడి బొగ్గుల వాసనకు మా అవ్వ గుర్తొచ్చింది. మా దిక్కున అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తారు.

ఆదిలాబాద్ దిక్కున ఒక బొగ్గు బాయిలో, అంటే గనిలో, బాపు పనిచేసేవాడు. ఆయన బాయికి బయలుదేరినప్పుడల్లా అవ్వ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "గుండెల బుగులైతంది" అనేది. నాకది బొగ్గులని వినబడేది. బాపు ఉమ్మి కూడా నల్లగా ఉండేది కనుక, అవ్వ గుండెలో బొగ్గులుండడం నాకు వింతనిపించలేదు.

ఒకనాడు మధ్యాహ్నం, వేళగాని వేళ బాయి సైరన్ మోగింది. వాడకట్టు ఆడవాళ్ళంతా అటు పరుగెత్తారు. అవ్వ మాత్రం గడప మీద కూలబడింది.

"బుగులైతంది బిడ్డా, కాళ్ళు లేస్తలేవు."

నేను చెంబెడు నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

"తాగవ్వా, బొగ్గులు ఆరిపోతయి."

అవ్వ నా మొహంలోకి చూసింది. చుక్క మిగలకుండా తాగింది.

సాయంత్రం బాపు శవాన్ని మోసుకొచ్చారు. ఆ తర్వాత అవ్వ ఆ మాట ఎన్నడూ అనలేదు.

బుగులంటే ఏదో కీడు జరగబోతోందన్న భయమని పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి మా ఇంట్లో బొగ్గులూ లేవు, బుగులూ లేదు.