వదినగారు ఒప్పేసుకున్న కామా

ఎదురింటి వదినగారూ నేనూ ఒకే హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాం. పొద్దున్నే ఆవిడ ఎర్ర పెన్ను పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేస్తుంది. ఇద్దరం ఇంగ్లీషు పేపరు ముందేసుకుని తప్పులు వెతుకుతాం. ‘అండ్’ ముందు కామా ఉండాలని ఆవిడ, అక్కర్లేదని నేను. ఈ తగువు సర్వీసులో చేరిన కొత్తలోది. నరసాపురం రేవులో పంటెక్కి గోదావరి దాటుతూ కూడా పోట్లాడుకున్నాం. ఓడినట్టు ఆవిడా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు.

అలాంటిది, మొన్న నేను రాజమండ్రిలో కడుపు పరీక్షలు చేయించుకుని వచ్చాక, ఆవిడ తమ చర్చి మహిళా సమాజం ఇంగ్లీషు ఆహ్వానం చూడమని తెచ్చింది. ఆవిడ పెట్టిన కామాలన్నీ కొట్టేసి, యుద్ధానికి కొంగు బిగించాను. ఆవిడేమో “మీరన్నదే రైటు లెండి వదినగారూ” అనేసింది.

నాకు ఎక్కడో తేడా కొట్టింది.

ఇంట్లోకి వెళ్లి పరీక్షల సంగతేంటని మావారిని అడిగాను. గ్యాసేనట, మందులు వాడితే తగ్గిపోతుందట. ఆ మాట గోడ వైపు చూసి చెప్పారు. గ్యాసైతే కారం వద్దనాలి కదా! మధ్యాహ్నం నేను ఆవకాయ కలుపుకుంటుంటే ఆయనే పక్కన కూర్చుని నెయ్యి వేశారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎరుగుదునా ఆ మనిషిని, ఇంత ముద్దు ఎప్పుడు చేశారు గనక?

ఆయన్ని అడిగి లాభం లేదు. వదినగారి నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు ఆవిడ రాగానే, ఆహ్వానంలో ‘డిస్కస్ అబౌట్’ అని రాద్దామన్నాను. డిస్కస్ పక్కన అబౌట్ రాసిన పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి ఆవిడ.

“బాగుందండీ, అలాగే రాయండి” అంది, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని.

“డాక్టరు ఏమన్నాడు వదినగారూ?”

ఆవిడ పేపరు దించింది. “క్యాన్సరంటండి. ఆపరేషన్ చేస్తే నయమవ్వచ్చంట. మీకు చెప్పొద్దని అన్నయ్యగారు నా దగ్గర మాట తీసుకున్నారు.”

భయం వేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. నా రోగం నాకు తప్ప వీధంతటికీ తెలుసన్నమాట. ఇంకోసారి నాకు ఎదురు చెప్పకుండా ఊరుకుంటే మా గుమ్మం ఎక్కొద్దని చెప్పేశాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని పెన్ను తీసింది. అబౌట్‌ని రెండు గీతలతో కొట్టేసి, నేను తీసేసిన కామాలన్నీ ఒక్కొక్కటీ మళ్లీ పెట్టింది.

“మీరు ఆపరేషన్ చేయించుకుని వచ్చి అడిగినా సరే, ఇవి తియ్యనండి” అంది.

ఇదీ నన్ను ఓదార్చడానికేనేమోనని ఆవిడ కళ్లలోకి చూశాను. నిజంగానే కోపంగా ఉంది. అప్పుడు ఏడ్చాను.