ఏడో గడిలో ‘గృహిణి’

వయోజన విద్యా శాఖలో సూపర్‌వైజరుగా నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు, జూన్ మొదటి సోమవారం, నన్ను గద్వాలలోని ఒక చేనేత వాడకు పంపారు. పని: ఇంటికొక మహిళకు రెండు నెలల కంప్యూటర్ శిక్షణ. సమయం: పగలు పదకొండు నుంచి ఒంటిగంట. ఆ వేళకు వంటలు ముగిసి ఆడవాళ్లు ఖాళీగా ఉంటారని హైదరాబాదులో ఎవరో కనిపెట్టారు. కనిపెట్టినాయన ఎప్పుడైనా వంట చేశాడో లేదో ఉత్తర్వులో లేదు.

చేరిక ఫారంలో తొమ్మిది గడులు, ఏడోది వృత్తి. నేను గుమ్మాల ముందు నిలబడే ముప్ఫై ఫారాలూ నింపాను. ఏడో గడిలో అందరికీ ‘గృహిణి’ అని రాశాను. దస్తూరి బాగుందని పైఅధికారి మెచ్చుకున్నారు కూడా.

మొదటి రోజు హాలు నిండింది. దాదాపు అందరూ ముసలమ్మలే. ముప్ఫై నాలుగేళ్ల సావిత్రమ్మ పేరు పిలిస్తే బోసినోటి నర్సమ్మ చెయ్యెత్తింది. ఆమె సావిత్రమ్మ అత్త.

“నీ కోడలేదమ్మా?” అని అడిగాను.

“మగ్గం మీదుంది సారూ. అది లేస్తే మగ్గం ఆగుతది. నేను లేస్తే ఎవ్వరికేమైతది? గందుకే నేనొచ్చిన.”

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ కలుపుతూ నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఆ రెండో మనిషి చాలా ఇళ్లలో భార్యే. ఈ సంగతి వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. శాఖలో ఎవరికీ తెలియదు.

నేను చేసిందేమిటంటే, అత్తలను కూర్చోబెట్టి కోడళ్ల పేరున హాజరు వేశాను. హాజరు నూటికి నూరు, జిల్లాలో మొదటి స్థానం, నాకు శాలువా. రెండు నెలల్లో నర్సమ్మ ఒకే ఒక్క మాట టైపు చేయడం నేర్చుకుంది. అది తన కోడలి పేరు. ఆగస్టులో బ్యాచ్ ముగిసిందని సంతకం పెట్టాను.

వారం తర్వాత సావిత్రమ్మ స్వయంగా వచ్చింది, వెంట అత్త. మగ్గానికి కొత్త పడుగు ఎక్కిస్తున్నందున ఆ పూట తీరిక దొరికిందట. చేతిలో ఒక కాగితం. చేనేత శాఖ ఇచ్చే నేత కార్డు కోసం తను పెట్టిన దరఖాస్తును తిరస్కరించారు. ఆ దరఖాస్తుకు వివరాలు మా శిక్షణ జాబితా నుంచే తీసుకుంటారు. కారణం అన్నచోట ‘గృహిణి’ అని ఉంది.

“నేను గృహిణినని ఎవరు చెప్పిండ్రు సార్ మీకు?”

ఫారంలో అలా ఉందన్నాను.

“ఫారం రాసిందెవరు?”

దస్తూరి నాదేనని ఒప్పుకున్నాను.

“మా ఆయనకు కండ్లు కనిపిస్తలేవు సార్. రేపు ఆయన మగ్గం దిగితే, కార్డు లేదని సొసైటోళ్లు నాకు నూలియ్యరు. పదిహేనేండ్ల సంది అంచు కలుపుతున్న. మీరొక్కసారి లోపటికొచ్చి చూడకపోతిరి.”

“నేను సదివిన సదువుకు నీకు సర్టిఫికెట్టయితే వచ్చింది గదనే!” అంది నర్సమ్మ.

పైఅధికారికి ఫోన్ చేశాను. ముగిసిన బ్యాచ్‌లో అక్షరం కూడా మార్చలేమనీ, ముగియలేదని నేనే రాసిస్తే తెరుస్తామనీ అన్నారు. అంటే నా నూటికి నూరు అబద్ధమని నేనే రాసివ్వాలి. తర్వాతి రెండు రోజుల డైరీలో నేను ఉక్కపోత గురించి మాత్రమే రాసుకున్నాను.

మూడో రోజు సావిత్రమ్మ ఇంట్లోకి వెళ్లాను. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. ఆయన పోగును కళ్లకు ఆనించుకుని చూస్తున్నాడు. తెగిన పోగులన్నీ ఆమే అతుకుతోంది. మిగతా ఇరవై తొమ్మిది ఇళ్లలోకీ వెళ్లాను. మొత్తం ముప్ఫైలో మగ్గమెక్కని కోడళ్లు ఇద్దరు. ఆ సాయంత్రమే నా హాజరు అబద్ధమని ఉత్తరం రాసి, బ్యాచ్ తెరిచాక ఇరవై ఎనిమిది గడుల్లో ‘నేత’ అని దిద్దాను.

సావిత్రమ్మకు కార్డు వచ్చింది. నాకు మెమో వచ్చింది. దొంగ హాజరు ఊసు అందులో లేదు. ముగిసిన పనిని తిరిగి తెరిచి రాష్ట్రంలో జిల్లా స్థానాన్ని దిగజార్చానన్నదే అభియోగం. శిక్షణను సాయంత్రం ఆరు గంటలకు, మగ్గం దిగే వేళకు మార్చమని రాసిన ఉత్తరానికి నేను రిటైరయ్యేనాటికీ జవాబు లేదు.

ఏడో గడి నింపే ముందు గుమ్మం దాటి లోపలికి వెళ్లాలని నేర్చుకున్నాను. ఆ దూరం నాలుగడుగులు. నాకు సర్వీసంతా పట్టింది.